మెనోనైట్ల కొండలెక్కి సెంబవాంగ్‌లో దిగాను

స్విట్జర్లాండ్ నుంచి వచ్చానని తెలియగానే సింగపూర్ టాంపినీస్‌లో మా బ్లాకు వాళ్ళంతా ఒకటే గోల, మంచుకొండల ఫొటోలు చూపించమని. ఆ ఫొటోలు నా దగ్గరెక్కడివి? నేను తీసినవి ఒక జైలు గది, ఒక నది ఒడ్డు, ఒక ఆవుల కొట్టం, దాని ముందు నిలబడి నవ్వుతున్న ఒక పెద్దావిడ. "ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్ళి జైలు చూసొచ్చావా!" అని పక్కింటి లక్ష్మీ ఆంటీ బుగ్గలు నొక్కుకుంది. అవును ఆంటీ, జైలే చూశాను. ఎందుకు చూశానో, చూశాక నాకేమైందో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మాది పాలమూరు జిల్లా. తాతల కాలం నుంచి మెనోనైట్ అనే క్రైస్తవ సంఘంలో ఉన్న కుటుంబం. రష్యా నుంచి, అమెరికా నుంచి వచ్చి జర్మన్‌లో పాటలు పాడుకునే దొరలు మా ప్రాంతంలో ఆసుపత్రి కట్టారనీ, మా నాయన అందులోనే పుట్టాడనీ తెలుసు. అంతకుమించి తెలియదు. చిన్నప్పుడు "మెనోనైట్ అంటే ఏందే నాయనమ్మా?" అని అడిగితే, "దొరల ఇంటిపేరు బిడ్డా" అని తేల్చేసింది. నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను.

Y2K గండం గట్టెక్కిన ఏడాది అది. సింగపూర్‌లో మా కంపెనీ ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేస్తుంటే, దాని పరీక్షల కోసం నన్ను మూడు వారాలు జ్యూరిక్ పంపారు. పని అయ్యాక నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నాను. మా సంఘం ఆ దేశంలోనే పుట్టిందని అప్పటికి ఇంటర్నెట్‌లో చదివి ఉన్నాను. వెళ్ళి చూడాలి, చూసి గర్వపడాలి. నా ఉద్దేశం అంతే.

గర్వపడటానికి నాకింకో కారణం కూడా ఉందనుకునేదాన్ని. దాచకుండా చెప్తాను. నా సొంత తమ్ముడు దానియేలు సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే చోట వెల్డరు. పర్మిట్ మీద వచ్చి ఐదేళ్ళయింది. ఉండేది ఒకే ఊళ్ళో, కానీ రెండేళ్ళుగా వాడు మా ఇంట్లో అన్నం తినలేదు. ఒక ఆదివారం మా తెలుగు సంఘానికి బీరు వాసనతో వచ్చాడు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు మా పెద్ద జ్ఞానయ్య అంకుల్ ఎప్పటిలాగే "ఎవరికైనా ఎవరిమీదైనా ఏమైనా ఉందా?" అని అడిగారు. నేను లేచి నిలబడి, అందరిముందూ, నా తమ్ముడి సంగతి చెప్పాను. ఒప్పుకునేదాకా బల్లలో పాలు లేదన్నారు. వాడు లేచి వెళ్ళిపోయాడు.

"ఒకసారి ఫోన్ చెయ్యరాదా, వాడు నీ తమ్ముడే కదా" అని మా ఆయన సుధాకర్ ఎన్నిసార్లన్నాడో. "నియమం నియమమే" అనేదాన్ని నేను. లోపల మాత్రం ప్రతి పండక్కీ వాడి కోసం ఒక గ్లాసుడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని. ఏ పండక్కీ రాలేదు.

జ్యూరిక్: పలక లేని ఒడ్డు

జ్యూరిక్ ఆఫీసులో నాతో పనిచేసినవాడు మార్కుస్. తాటిచెట్టంత పొడుగు, మాట మాత్రం పిట్టంత. నేను మెనోనైట్‌నంటే మొదట నమ్మలేదు. "ఇండియాలోనా?" అని మూడుసార్లు అడిగి, "మా అమ్మ తరఫు వాళ్ళు మీ వాళ్ళేనమ్మా" అన్నాడు. అప్పటిదాకా కంప్యూటరు తప్ప మరో మాట లేని మనిషి, ఆ రోజు నుంచి చుట్టమైపోయాడు.

శుక్రవారం సాయంత్రం అతనితో నది ఒడ్డుకి వెళ్ళాను. ముందు కాఫీ తాగుదామని ఒక హోటల్లో కూర్చున్నాం. కూర్చున్నాం అంటే, కూర్చోబోయాం. సింగపూర్ అలవాటు కొద్దీ నేను టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టు పడేసి "ఛోప్" చేసి, అంటే చోటు ఆపుకుని, గల్లా దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి టిష్యూ చెత్తబుట్టలో ఉంది, కుర్చీల్లో ఒక జంట ఉంది. మా దేశంలో ఆ ప్యాకెట్టుకున్న మర్యాద గురించి మార్కుస్‌కి వివరిస్తే, పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరికి నిలబడే తాగాం. కప్పు నాలుగు ఫ్రాంకులు! వాళ్ళ ఫ్రాంకూ మా డాలరూ అప్పట్లో ఇంచుమించు సమానం. టాంపినీస్‌లో తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో ఆ డబ్బుతో ఐదుగురికి కోపి, అంటే మా కాఫీ, వస్తుంది.

తర్వాత నీళ్ళు చూపించాడు. ఇంచుమించు ఐదు శతాబ్దాల కింద ఈ ఊళ్ళో కొందరు కుర్రవాళ్ళు, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదనీ, తెలివి వచ్చాక మనిషే అడిగి తీసుకోవాలనీ ఒక ఇంట్లో కూడి ఒకరికొకరు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఊరి పెద్దలకు ఒళ్ళు మండింది. మళ్ళీ నీళ్ళు కావాలా, అయితే నీళ్ళే తీసుకోండి అన్నారు. ఒకతన్ని చేతులు కట్టి పడవలో తీసుకెళ్ళి ఈ నదిలోకి తోసేశారు. ఒడ్డున అతని తల్లి నిలబడి, వెనక్కి తగ్గొద్దు కొడకా అని అరిచిందట.

"ఆ తల్లి అట్లా ఎలా అనగలిగింది?" అన్నాను. నాకూ కూతురుంది, సారా, తొమ్మిదేళ్ళది. మార్కుస్ భుజాలెగరేశాడు. ఆ ఒడ్డున ఒక పలకైనా ఉంటుందేమోనని వెతికాం. మేం చూసినంతలో ఏమీ కనబడలేదు. బాతులు మాత్రం బోలెడు.

ఎమెంటాల్: అటకలూ, అరలూ

మర్నాడు పొద్దున్నే ఎమెంటాల్ లోయకి రైలెక్కాను. పచ్చటి గుట్టలు, ఒక్కో గుట్టకీ ఒక్కో పెద్ద కొయ్య ఇల్లు, ఇంటి కప్పు కిటికీల మీదికి దిగి ఉంటుంది. జ్యూరిక్‌లో తరిమితే వీళ్ళు ఈ గుట్టల్లో దాక్కున్నారు. ఇక్కడా వదల్లేదు. మనుషుల్ని వేటాడటానికే జీతమిచ్చి వేటగాళ్ళని పెట్టారట.

గుట్ట మీద చిన్న కోట. టిక్కెట్టు లేదు, కాపలా లేదు. ఎక్కి చూస్తే గోపురంలో కొయ్య దుంగలతో కట్టిన ఖైదు గదులు. లోపలికి దూరి కూర్చున్నాను. కాళ్ళు చాపితే గోడ తగిలింది. ఇట్లాంటి చోట నెలల తరబడి కూర్చోబెట్టి, ఒక్క మాట వెనక్కి తీసుకుంటే పంపేస్తాం అనేవాళ్ళు. తీసుకోని వాళ్ళని ఓడలకి తెడ్లు వేసే బానిసలుగా అమ్మేశారు. నాకు పది నిమిషాలకే ఊపిరాడక బయటికొచ్చేశాను. నమ్మకం అనే మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తామో అనిపించి సిగ్గేసింది.

కింద పూటకూళ్ళ ఇంట్లో రోష్టి తిన్నాను. ఆలుగడ్డ తురిమి వెన్నలో అట్టులా ఎర్రగా కాలుస్తారు. పక్కన ఉప్పు తప్ప కారమన్నదే లేదు. సంచీలోంచి మామిడికాయ పచ్చడి సీసా తీశాను. ఎదురు బల్ల మీద కూర్చున్న ముసలి రైతు తదేకంగా చూస్తుంటే కాస్త వడ్డించాను. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, మొహమంతా ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు. నీళ్ళ గ్లాసు అతని ముందుకి తోశాను. అతను మాత్రం ఒక గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ ప్లేటు చాపాడు!

ఆ స్నేహంతో తన ఇంటికి తీసుకెళ్ళాడు. అటక మీద నేలపలక ఒకటి ఎత్తి చూపించాడు. కింద ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత అర. వేటగాళ్ళొస్తుంటే గుట్ట మీదివాళ్ళు కొమ్ము ఊదేవారట, మా వాళ్ళు ఇందులో దూరేవారట. "మీరు మెనోనైటా?" అని వచ్చీరాని జర్మన్‌లో ఇంగ్లీషు కలుపుకుని అడిగాను. కాదట, ఎప్పుడూ కాదట. పొరుగువాళ్ళు కాబట్టి దాచారు. "మా పెద్దల్లో పట్టించినవాళ్ళూ ఉండే ఉంటారు. దాచినవాళ్ళనే తలుచుకుంటే నాకు నిద్ర పడుతుంది" అన్నాడు. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను. ఏమర్థమైందో, అతనూ జోడించాడు.

రైలు రెండు ముక్కలైన చోట

శనివారం రాత్రికి జూరా కొండల మీద మార్కుస్ పెద్దమ్మ లిసెబెత్ గారింట్లో ఉండాలి. "రైలు చివరి పెట్టెల్లో ఎక్కు, మర్చిపోకు" అని మార్కుస్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను ఖాళీగా ఉందని ముందు పెట్టెలో కూర్చున్నాను. ఒక చిన్న స్టేషన్లో రైలు రెండు ముక్కలైంది. వెనక ముక్క నా దారిన పోయింది, ముందు ముక్క నన్ను వేరే లోయకి పట్టుకుపోయింది.

దిగిన చోట అందరూ ఫ్రెంచి. స్టేషన్ మాస్టరు నా టిక్కెట్టు చూసి తల పట్టుకుని, నా దగ్గరున్న నంబరుకి తన ఫోన్ నుంచే చేసి లిసెబెత్ గారికి చెప్పి, వెనక్కి పోయే రైలు వచ్చేదాకా తన గదిలో కూర్చోబెట్టి, తన సంచీలోంచి ఒక ఆపిల్ తీసిచ్చాడు. పేరైనా అడగలేదు నేను. ఇట్లాంటి పుణ్యాత్ములు దారి పొడుగునా తగిలారు.

జూరా: జడ రొట్టె, ఒక ప్రశ్న

ఎమెంటాల్ నుంచి తరిమితే వీళ్ళు ఈ కొండల మీదికొచ్చారు. మంచి పొలాల జోలికి రాకుండా, ఎవరూ బతకలేని ఎత్తుల్లోనే ఉండాలని ఇక్కడి పాలకుడు షరతు పెట్టాడట. రాళ్ళు ఏరి, గడ్డి పెంచి, ఆవుల్ని మేపి బతికారు. చుట్టూ ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళు, వీళ్ళ ఇళ్ళల్లో మాత్రం ఇప్పటికీ పాత ఎమెంటాల్ జర్మనే. వింటుంటే, సెంబవాంగ్ కాంటీన్లో మావాళ్ళు "ఏం కూరనే ఇయాల?" అని అరుచుకోవడం గుర్తొచ్చింది.

లిసెబెత్ గారికి డెబ్బై నాలుగేళ్ళు. వయసులో ఉండగా ఇంగ్లండులో నర్సుగా చేశారు కాబట్టి మాటకి ఇబ్బంది లేదు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తల మీద రుమాలు, నోట్లో ఎప్పుడూ ఒక వేళాకోళం. ఆదివారం ఆరాధనకి తీసుకెళ్ళారు. వాయిద్యం లేకుండా నాలుగు గొంతులుగా చీలి పాడుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. అందులో ఒక రాగం మా పాలమూరు గుడిలో తెలుగు మాటలతో పాడేదే! నేను తెలుగులోనే గొంతు కలిపాను. పక్కావిడ నా చేయి పట్టుకుంది. ఏడ్చేశాను. మా నాయనమ్మ పాడిన రాగం ఇంత దూరం నుంచి నడిచొచ్చిందా అని.

మధ్యాహ్నం భోజనం. జడలా అల్లిన రొట్టె, ఎండబెట్టిన చిక్కుళ్ళు ఉడికించి పొగబెట్టిన మాంసంతో. తింటూ మా టాంపినీస్ సంఘం గురించి చెప్పాను. ఐటీ వాళ్ళూ, షిప్‌యార్డు వాళ్ళూ ఒకే హాల్లో నేల మీద కూర్చుంటామంటే ఆవిడ సంబరపడ్డారు. ఆ ఊపులో గొప్పగా అన్నాను: "మేం ఇంకా క్రమశిక్షణ వదల్లేదు. నా సొంత తమ్ముణ్ణే బల్ల నుంచి వెలిపెట్టాం."

ఆవిడ ఫోర్కు కింద పెట్టారు. "బల్ల నుంచేనా, ఇంటి నుంచి కూడానా?"

నిజం చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత నెలలోనే సారా పుట్టినరోజుకి వాడు వచ్చాడు. నియమం కదా అని, అందరికీ టేబుల్ మీద పెట్టి, వాడికి వంటగదిలో విడిగా పళ్ళెం పెట్టాను. రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, సారా తల మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"ఓహో, మెనోనైట్‌నని వచ్చి ఆమిష్ పని చేశావన్నమాట" అన్నారు లిసెబెత్. నవ్వుతూనే అన్నారు. ఆమిష్‌లంటే మాలోంచే చీలిపోయిన, మాకంటే కఠినమైన శాఖ. తర్వాత నవ్వు ఆపి, "పాత నియమం నీకు తెలిసే ఉంటుంది. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒక్కరే వెళ్ళాలి. వినకపోతే ఇద్దరు. అప్పటికీ వినకపోతేనే సంఘం. అవునా?"

"అవును."

"నీ తమ్ముడి దగ్గరికి ముందు ఒక్కరుగా వెళ్ళింది ఎవరు?"

ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళాల్సింది నేను. వాడు కొంచెం తాగుతున్నాడని అంతకు నెల ముందే ఎవరో చెప్పారు. అప్పుడు Y2K పని, శనివారాలు కూడా ఆఫీసు. సెంబవాంగ్ అంటే రెండు రైళ్ళు, ఒక బస్సు, గంటన్నర. తర్వాత వెళ్దాంలే అనుకున్నాను. ఆదివారం వాసన రాగానే కోపం నషాళానికంటి, మొదటి మెట్టూ రెండో మెట్టూ ఎక్కకుండా మూడో మెట్టు మీద నిలబడి అరిచాను. ఆ సంగతి సంఘంలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

"సెంబవాంగ్ ఎంత దూరం?" అని అడిగారావిడ.

"గంటన్నర" అన్నాను. ఆవిడ నా పళ్ళెంలో ఇంకో రొట్టె ముక్క పెట్టారు.

ఆల్సేస్: హుక్కుల వాళ్ళు, గుండీల వాళ్ళు

సోమవారం తన డొక్కు కారులో ఆవిడే నన్ను ఫ్రాన్సు సరిహద్దు దాటించి, ఆల్సేస్‌లో సెంట్ మారీ ఓ మీన్ అనే ఊరికి తీసుకెళ్ళారు. దారంతా ఆవిడ మలుపు మలుపుకీ లారీల వాళ్ళని తిడుతూనే ఉన్నారు.

సన్నటి లోయ, మూతబడ్డ బట్టల మిల్లులు, ఒక మంచి రొట్టెల కొట్టు. చూడటానికి ఏమీ లేదు. కానీ ఆమిష్‌లు వేరుపడింది ఈ లోయ నుంచే. కొండల్లోంచి ఇక్కడికి వలస వచ్చినవాళ్ళలో ఒక పెద్దకి, సంఘం మెత్తబడిపోతోందని దిగులు. వెలిపడ్డవాడితో బల్ల దగ్గరే కాదు, ఇంట్లోనూ కలిసి తినకూడదన్నాడు. భర్త వెలిపడితే భార్య కూడా విడిగానే తినాలన్నాడు. స్విట్జర్లాండ్ పెద్దలు అంత దూరం వద్దన్నారు. మాటా మాటా పెరిగి వీళ్ళని వాళ్ళూ వాళ్ళని వీళ్ళూ వెలివేసుకున్నారు. గుండీలు డాబు అని చొక్కాలకి హుక్కులు పెట్టుకున్నవాళ్ళు హుక్కుల వాళ్ళు, మిగిలినవాళ్ళు గుండీల వాళ్ళు అయ్యారు.

"తర్వాత ఆ పెద్ద పశ్చాత్తాపపడ్డాడట, తెలుసా? తొందరపడ్డానని తనని తానే వెలివేసుకుని, క్షమించమని కబురు పెట్టాడట" అన్నారు లిసెబెత్.

"కలిశారా మరి?"

"లేదు. అప్పటికే ఆలస్యమైపోయింది."

ఫ్రాన్సు రాజు వాళ్ళని ఈ లోయ నుంచీ వెళ్ళగొట్టాడు. రైన్ నది వెంట పడవల్లో దిగి, సముద్రం దాటి పెన్సిల్వేనియా చేరారు. వెళ్ళకుండా మిగిలినవాళ్ళు కాలక్రమంలో మెనోనైట్లలో కలిసిపోయారు. గుర్రబ్బండ్ల ఆమిష్‌లు అమెరికాలో కావలసినంతమంది, పుట్టిన ఐరోపాలో మాత్రం ఒక్క ఇల్లు లేదు. మెనోనైట్లలోనే ఇంకో పాయ హాలండ్ నుంచి పోలండ్ వైపు, అక్కడి నుంచి రష్యా మైదానాలకి. ఆ పాయ వాళ్ళే మా పాలమూరుకొచ్చి ఆసుపత్రి కట్టారు. నది, కొయ్య గది, అటక కింద అర, ఇట్లాంటివెన్నో దాటి బతికినవాళ్ళ వారసుల చేతుల్లో మా నాయన పుట్టాడు. ఆ లోయలో నిలబడి వాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవాలనిపించింది. పేర్లు తెలియక ఊరుకున్నాను.

బాసెల్ స్టేషన్లో లిసెబెత్ గారు నన్ను గట్టిగా కావలించుకుని, "ఈసారి ఏ పెట్టెలో ఎక్కాలో చూసుకో" అన్నారు.

సెంబవాంగ్

సింగపూర్‌లో దిగాక వచ్చిన మొదటి ఆదివారం సంఘానికి వెళ్ళలేదు. "అమ్మా, చర్చ్ స్కిప్ ఆ? యూ సిక్ లా?" అని సారా నుదురు పట్టుకుని చూసింది. సెంబవాంగ్ వెళ్తున్నానంటే సుధాకర్ నా రైలు కార్డులో డబ్బులున్నాయో లేదో చూసి ఇచ్చాడు. తోడు వస్తానన్నాడు. వద్దన్నాను, ఒక్కదాన్నే వెళ్ళాలి.

పనివాళ్ళుండే డార్మిటరీ గేటు దగ్గర వాడే ఎదురొచ్చాడు. చిక్కిపోయాడు. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.

"ఏమైందక్కా? సారా మంచిగున్నదా? బావ మంచిగున్నడా?" అని కంగారుపడ్డాడు. నేను వచ్చానంటే ఎవరికో ఏదో అయి ఉండాలి. రెండేళ్ళలో నేను సంపాదించుకున్న పేరది.

"అందరూ మంచిగున్నరు. ఆకలైతుందిరా" అన్నాను.

కాంటీన్‌కి తీసుకెళ్ళాడు. అన్నం, పప్పు, కోడి కూర తెచ్చి నా ముందు పెట్టి, తన పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు. "నాతోని కూసొని తింటవా అక్కా? నీకేమన్న అయితదా?"

చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కన్నీళ్ళు పప్పులో పడుతున్నా తుడుచుకోలేదు. "తప్పు నాదిరా దానియేలూ. నిన్ను అడగకుండ అందరిముందు అన్న. ఇప్పుడు అడుగుతున్న. ఆ దినం ఏమైంది?"

వాడు అన్నం కలుపుతూ చెప్పాడు.

"నా పక్క మంచం బాలకిష్టయ్య, నాగర్‌కర్నూల్ దిక్కు. బుధారం రాత్రి నిద్రల్నే గుండె ఆగిపోయింది. బట్టలు నేనే పెట్టెల సదిరిన. శవాన్ని విమానమెక్కిచ్చినంక పోరగాళ్ళు ఇంత బీరు పోసిండ్రు, తాగిన. అబద్ధమాడ. అట్లనే సంఘానికొచ్చిన. వాని పెండ్లాం పద్మమ్మ, ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్ళకోసం పార్థన చెయ్యమని అడుగుదామనొచ్చిన అక్కా. పెద్దాయన అడగంగనే లేద్దామనుకున్న. నువ్వు ముందుగాల లేసినవ్."

ఆ తల్లీపిల్లలు రెండేళ్ళుగా ఎట్లా బతుకుతున్నారో నేనొక్కసారీ అడగలేదు. అడగాలని నాకు తెలియనే తెలియదు. వాడు ఎడంచేత్తో నా కళ్ళు తుడిచాడు. చుట్టూ కుర్రాళ్ళు పళ్ళేలు మోసుకుని తిరుగుతున్నారు, టీవీలో ఏదో సినిమా.

"ఇప్పుడు చేద్దాంరా" అన్నాను. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టబోయాను. పద్మమ్మ అన్న పేరు దగ్గరే ఆగి, వాడి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు వాడు మొదలుపెట్టాడు. ఆ రోజు మా హాల్లో నిలబడి అనాలనుకున్న మాటలే కాబోలు, ఎక్కడా తడుముకోలేదు.